ఎస్టిమేటుకు రాయి తగలదు

బస్తీలో మరుగుదొడ్డికి ఎస్టిమేటు ఆఫీసులో కూర్చుని వేస్తరు. నల్గొండలో గుట్టల కింది వాడల్లో గానీ, మహబూబ్‌నగర్ చుట్టుపక్కల గానీ మూడు అడుగులు తవ్వితే రాయి తగిలే జాగాలు బోలెడు. లెక్క తప్పేది అక్కడే.

ముందు పైసల సంగతి. 2014 అక్టోబర్ 2న మొదలైన స్వచ్ఛభారత్ పట్టణ పథకంలో ఇంటి మరుగుదొడ్డికి కేంద్రం వాటా 4,000 రూపాయలుగా పెట్టిండ్రు. రాష్ట్రం వాటా దానికి అదనం. పైసల్లో సగం, దరఖాస్తు సరిచూసినంక; మిగతా సగం, కట్టింది చూసినంక. పట్టా లేదని దరఖాస్తు వాపస్ చేస్తుంటరు గానీ, భూమి హక్కుకూ ఈ సొమ్ముకూ ముడిపెట్టొద్దని, గుర్తింపు లేని బస్తీలకు కూడా ఇయ్యాలని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. అందుకే ఉత్త నోటిమాటతో వెనక్కి రావద్దు, కారణం రాతపూర్వకంగా అడగాలె.

ఐదుగురున్న ఇంటికి మరుగుదొడ్డి నీళ్లు నేలలోకి ఇంకే రెండు గుంతలు, ఒక్కోటి మీటరు వెడల్పు, మీటరు లోతు. రెంటి మధ్య కూడా మీటరు ఎడం. ఒకటి నిండితే జంక్షన్ డబ్బాలో దారి మూసి రెండోదానికి మళ్లించాలె. మేస్త్రి ఖర్చు మిగిలిందని ఒక్క గుంతే తవ్వి సిమెంటు రింగులు దించుతడు. అది నిండినంక పైపు మోరీలో కలుపుతరు. కాయితం మీద మరుగుదొడ్డి, వీధిలో మురుగు!

రెండు అడుగుల లోతు దొరికినా మొరం నేలయితే పని నడుస్తది: 60 సెంటీమీటర్ల లోతుకు 1.3 మీటర్ల వెడల్పు పెడితే అంతే ఘనపరిమాణం వస్తది. మామూలు మూడడుగుల రింగులు పట్టవు, సందులు వదిలి ఇటుక కట్టాలె, ఖర్చు పెరుగుతది. గట్టి రాయి అయితే ఆ తిప్పలు కూడా దండగే, నీళ్లు ఇంకవు. నాలుగైదు ఇండ్లకు ఒక సెప్టిక్ ట్యాంకు, అదీ ట్యాంకర్ పైపు అందే గల్లీ మొగదలకు పెట్టాలె. లోపలి సందులో పెడితే ఖాళీ చేయించే దిక్కుండదు. రక్షణ సామాను లేకుండా ట్యాంకులోకి మనిషిని దించుడు 2013 చట్టం ప్రకారం నేరం.

తక్కువ పడ్డ పైసలకు మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద నడిచే మహిళా సంఘం అప్పు దారి. ఇంటి మరుగుదొడ్డికి, నల్లా పనికి ఇచ్చే అప్పును రిజర్వ్ బ్యాంకు 2015లోనే ప్రాధాన్య రంగంలో, అంటే బ్యాంకులు తప్పక కొంత అప్పు ఇయ్యాల్సిన పద్దులో, చేర్చింది. బ్రాంచిలో "దీంతో ఆదాయం ఏముంది?" అంటే ఆ మాట గుర్తుచేయొచ్చు. పది వేలు, సాలుకు 12 శాతం వడ్డీ, 24 నెలలు అనుకుంటే కిస్తు దాదాపు 470 రూపాయలు. రోజుకూలి ఇంటికి ఇది మొయ్యగల బరువే, వానకాలం పని దొరకని నెలలను ముందే లెక్కలోకి తీసుకుంటే.

పెద్ద పైసలు వేరు దారిలో వస్తయి. పట్టణాల్లో నల్లా నీళ్లకు, మురుగు పైపులకు 2021 అక్టోబర్‌లో మొదలైన కేంద్ర పథకం అమృత్ 2.0లో లక్షలోపు జనాభా ఉన్న ఊరికి కేంద్రం వాటా సగం, లక్ష నుంచి పది లక్షల దాకా మూడోవంతే. 2011 లెక్కల్లోనే నల్గొండ, మహబూబ్‌నగర్ రెండూ లక్ష దాటినయి. విడతలు 20, 40, 40 శాతం. ఖర్చు చేసిన పత్రం ఆలస్యమైతే రెండో విడత ఆగుతది, తవ్విన రోడ్డు అట్లనే ఉంటది. ఈ పైసలు మెయిన్ పైపు దగ్గరే ఆగిపోవచ్చు. వీధి పైపు నుంచి వంటింటి దాకా ఉన్న ఆ నలభై అడుగులది ఎవరి పద్దో పని మంజూరుకు ముందే అడిగి రాయించుకోవాలె.

2021-26కు ఇట్లాంటి మున్సిపాలిటీలకు 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికే కట్టడి చేసిండ్రు. వార్డు తీర్మానంలో "మౌలిక వసతులు" అని రాస్తే సీసీ రోడ్డు వస్తది. గల్లీ పేరు, ఇండ్ల సంఖ్య, పైపు పొడవు రాయాలె. ట్యాంకు మూడేండ్లకోసారి ఖాళీ చేయించే ఖర్చు మాత్రం ఏ పథకంలోనూ అడగకుండా రాదు. ట్యాంకు కట్టిన నెల నుంచే ఇంటికింత అని సంఘం పుస్తకంలో వేరే పేజీ తెరవడమే నయం.