బస్సుకి ఎన్ని చప్పట్లు?

ఇంగ్లీషు చెప్పడానికి కొరియా వెళ్తున్నానంటే మా మేనమామ నవ్వాడు. "ఏమే, వాళ్ళకి అమెరికావాళ్ళు దొరకలేదా?" అని. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. ఇంగ్లీషు టీచర్లకిచ్చే ఈ-2 వీసా మామూలుగా అమెరికా, బ్రిటన్, కెనడా లాంటి ఏడు దేశాలవాళ్ళకే. 2010లో భారత్-కొరియాల మధ్య అమల్లోకి వచ్చిన సెపా వాణిజ్య ఒప్పందం పుణ్యమా అని, ఇంగ్లీషు టీచరుగా అర్హత ఉన్న మనవాళ్ళకీ అక్కడి బళ్ళలో అసిస్టెంటుగా చేరే సందు దొరికింది. నా బీఎడ్ అలా అక్కరకొచ్చింది. సర్టిఫికెట్లు పరాయి దేశంలో చెల్లడానికి వేసే అపోస్టిల్ ముద్రల కోసం తిరిగిన తిరుగుడు వేరే కథ.

సువాన్ అనే ఊరి దగ్గర ఒక ప్రాథమిక పాఠశాల. గుమ్మంలోనే బూట్లు విప్పి, లోపల తొడుక్కునే చెప్పులు వేసుకోవాలి. నాకు అప్పగించింది నాలుగో తరగతి, 24 మంది. పీరియడ్ 40 నిమిషాలు. అది ఎంతసేపో మొదటిరోజే తెలిసొచ్చింది.

"టీచర్, ఇండియా? ఖారే!" అని ఒకడు అరిచాడు. ఖారే అంటే కర్రీ. ఆ వెంటనే వయసెంత, పెళ్ళయిందా. మన బస్సుల్లో పక్కసీటు పిన్నిగారు అడిగేవే కాబట్టి కోపం రాలేదు. కానీ పాఠం మొదలుపెడితే ఒక్కరూ వినరు. వెనక బెంచీలో ఇద్దరు కావి-బావి-బో ఆడుతున్నారు, అంటే మన రాయి-కత్తెర-కాగితం. మిగతావాళ్ళు డెస్కులు బాదుతున్నారు.

ఇక నాకు తెలిసిన పాత మందే తీశాను. మా బళ్ళో క్లాసు లీడరు చేసే పని: మాట్లాడేవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయడం. హంగుల్, అంటే కొరియా లిపి, అప్పటికే నేర్చుకున్నాను. చేతికందిన మార్కరుతో ముగ్గురి పేర్లు రాశాను. క్లాసంతా ఠక్కున నోరు మూసింది. పనిచేసిందే అని లోపల్లోపల మురిసిపోయాను కూడా. అంతలో మూడో పేరున్న కుర్రాడి కింది పెదవి వణకడం మొదలైంది. కో-టీచరు పరుగున వచ్చి, డస్టరు కోసమైనా చూడకుండా, అరచేత్తో ఆ పేర్లు తుడిచేసింది.

కొరియాలో బతికున్న మనిషి పేరు ఎరుపు రంగుతో రాయరు. చావుని పిలిచినట్టు. నా చేతిలో ఉన్నది ఎర్ర మార్కరు. ఇన్నేళ్ళూ ఎర్ర పెన్నుతో పేపర్లు దిద్దిన దాన్ని, ఆ రంగు గురించి ఒక్కసారైనా ఆలోచించలేదు. "మియానే" అన్నాను, సారీ అని. అవే మూడు పేర్లు నీలం మార్కరుతో రాసి, పక్కన ఒక్కో చుక్క పెట్టాను. మాకూ చుక్క కావాలని మిగతా 21 మంది గోల. ఆ రోజుకి పాఠం అంతే.

వాళ్ళ చప్పుడుని ఎందులో పెట్టాలో తెలియడానికి ఇంకో నెల పట్టింది. వాళ్ళు బస్‌ని 'బొసు' అంటారు, మిల్క్‌ని 'మిల్కు', కేక్‌ని 'కేఇకు'. వింటుంటే మా అమ్మమ్మ ఇంగ్లీషు మాట్లాడినట్టే ఉండేది. మనమూ బస్సు, కార్డు, కేకు అనేవాళ్ళమే కదా! ఐస్‌క్రీమ్ హంగుల్‌లో రాస్తే ఐదక్షరాలు: ఆ-ఇ-సు-ఖు-రిమ్. అమెరికా నుంచి వచ్చిన టీచరుకి ఈ తప్పు చెవిన పడుతుంది. నాకైతే నోట్లోనే ఉంది.

అందుకని డెస్కులు బాదడాన్నే పాఠం చేశాను. మాట పలికేటప్పుడు విడివిడిగా వినిపించే ఒక్కో ముక్కకి ఒక్కో చప్పట. ఐస్‌క్రీమ్‌కి ఎన్ని చప్పట్లు? క్లాసంతా ఐదు కొట్టారు. నేను రెండే కొట్టాను. మళ్ళీ పలకండి, మళ్ళీ కొట్టండి. క్రిస్మస్‌కీ అంతే, వాళ్ళు ఐదు, నేను రెండు. బస్‌కి ఒక్కటే అంటే కాసేపు నమ్మలేదు. జట్లు కట్టారు, పాయింట్లు సమానమైతే కావి-బావి-బో. పక్క క్లాసు టీచరు రెండుసార్లు వచ్చి తలుపు వేసి వెళ్ళింది. గోల మాత్రం తగ్గలేదు, నిజం చెప్పాలి.

తల్లిదండ్రులు వచ్చి చూసే క్లాసు రోజున నాకు ఒకటే టెన్షన్. అమ్మలందరూ వెనక వరసగా నిలబడ్డారు. బొమ్మ చూపించి వాక్యం చదివాను. కంగారులో నా నోట 'బస్సు' అనే వచ్చింది.

వెనక నుంచి రెండు చప్పట్లు. మూడో పేరు కుర్రాడే. ఆ వెంటనే క్లాసంతా రెండు.

"బస్" అన్నాను.

ఒక్కటే కొట్టారు. వెనక నిలబడ్డ ఒకావిడ కూడా కొట్టింది.