బాబ్‌క్యాట్‌కు గ్రాపుల్ కొనడానికి పడ్డ తిప్పలు: నా అనుభవం

నాలుగు రోజుల కింద మా కోత మిల్లుకు గ్రాపుల్ వచ్చింది, అంటే బండి ముందు బిగించి మొద్దులను పట్టి ఎత్తే ఇనుప దవడ. కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మాది జడ్చర్ల దగ్గర. వేప, తుమ్మ, నిద్రగన్నేరు మొద్దులు ఎక్కువ వస్తాయి. ఇన్నేళ్లూ హమాలీలు గడ్డపారలతో దొర్లించి ట్రాలీ మీదికి ఎక్కించేవాళ్లు. మరీ పెద్దదైతే హైడ్రా క్రేన్‌ను పిలిచేవాళ్లం, అది మనకు పనున్న రోజు రాదు. పోయిన ఎండాకాలం ఒక హమాలీ పాదం మీద మొద్దు దొర్లింది. ఆ రోజే నిశ్చయించుకుని పాత స్కిడ్ స్టీర్ లోడర్ తీసుకున్నాను, ముందు చేతులతో బరువులు ఎత్తే చిన్న బండి. మా వైపు ఏ కంపెనీదైనా బాబ్‌క్యాట్ అనే అంటారు. లోను, కాగితాలు, బండి రావడం అన్నీ పది రోజుల్లో అయిపోయాయి.

దానితో వచ్చిన బకెట్ మొద్దులకు పనికిరాదు. మొద్దుతో పాటు మట్టి, రాళ్లు ఎత్తుకొస్తుంది. ఆ రాయి బెరడులో ఇరుక్కుని బ్యాండ్ సా (కోత రంపం) కింద పడితే బ్లేడు పళ్లు పోతాయి. ఫోర్కులు, అంటే కింద దూర్చి ఎత్తే రెండు ఇనుప కొమ్ములు, కోసిన సైజు చెక్కల కట్టలకు బ్రహ్మాండం, కానీ గుండ్రటి మొద్దును పైనుంచి పట్టేది ఏదీ ఉండదు. ప్రతిసారీ గొలుసు కట్టాలి. కాబట్టి పైన దవడ ఉన్న గ్రాపులే కావాలి. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

డీలర్ మనిషి డెమోకు గ్రాపుల్ తెచ్చి బిగించాడు. "సేటూ, 1,500 కిలోల దాకా ఢోకా లేదు" అన్నాడు. నా దగ్గర పచ్చి వేప మొద్దు ఉంది, 14 అడుగుల పొడవు, 6 అడుగుల చుట్టుకొలత. టేపు పెట్టి మన లెక్కే వేశాను: చుట్టుకొలతలో నాలుగో వంతు అడుగున్నర, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తే ముప్పై ఒకటిన్నర సీఎఫ్‌టీ (ఘనపు అడుగులు). పచ్చి కట్టె దాదాపు నీళ్లంత బరువు, అంటే సీఎఫ్‌టీకి 28 కిలోలు. మొత్తం 882. ఎత్తమన్నాను.

నేల నుంచి లేచింది. బండి చేతులు సగం ఎత్తుకు రాగానే బండి ముందుకు వంగి, వెనక చక్రాలు రెండూ జానెడు గాల్లోకి లేచాయి. ఆపరేటర్ గబుక్కున దించాడు కాబట్టి సరిపోయింది. మొద్దు దబ్బున పడి, ఆ దుమ్ములో మా హమాలీలందరూ నిలబడి చూస్తున్నారు. అప్పుడు ఆ డీలర్ మనిషి, నా కొడుకు వయసువాడు, వాళ్లందరి ముందు అన్నాడు: "30 ఏండ్ల నుంచి కట్టె కోస్తున్నవంట, మొద్దు బరువు చెప్పరాదా సేటూ?"

కోసిన ముక్కను వాసన చూసి ఏ కట్టెనో చెప్పగలవాణ్ని. నిలబడ్డ చెట్టును చూసి ఎన్ని దర్వాజాలు వస్తాయో చెప్పగలను. ఆ మాటకు రాత్రి అన్నం సహించలేదు.

మరుసటి రోజు హైడ్రాతో ఆ మొద్దును ట్రాక్టర్ మీద వేయించి కాంటాకు తీసుకుపోయాను. 1,130 కిలోలు వచ్చింది. నా లెక్కకు దాదాపు రెండున్నర క్వింటాళ్ల తేడా. ఇంటర్ చదివే మా అమ్మాయి కాగితం మీద గీసి చూపించింది: "నాయినా, నువ్వు గుండ్రటి మొద్దును చదరం లెక్కన కొలుస్తున్నవ్." నిజమే. నాలుగో వంతు లెక్క కట్టె అమ్మకానికి, కోతలో పోయేది తీసేసి పెట్టిన లెక్క. అసలు ఘనపరిమాణంలో 78.5 శాతమే చూపిస్తుంది. కోతలో పక్క పలకలు పోతాయి కానీ, ఎత్తేటప్పుడు వాటి బరువు పోదు కదా. బండికి బరువు చూడాలంటే ఆ సీఎఫ్‌టీని 1.27తో గుణించాలి. మీ మిల్లు గోడ మీద రాసి పెట్టుకోండి.

అయితే తప్పంతా నాది కాదు. ఆ డీలర్ మనిషి చెప్పిన 1,500 కిలోలు బండి బోర్లా పడే బరువు. చక్రాల బండికి దానిలో సగమే రోజూ ఎత్తదగిన బరువు, అంటే నా బండికి 750. అది కూడా బకెట్‌తో. గ్రాపుల్ బకెట్ కంటే ఎంత బరువు ఎక్కువో అంత తీసేయాలి. నాకు వంద పోయి 650 మిగిలింది. చక్రాలకు బదులు చైన్ ఉన్న బండి అయితే సగం కూడా కాదు, 35 శాతమే. ఈ ముక్క చెప్పకుండా ప్రాణాలతో బేరం చేసే మనుషుల దగ్గర బోల్టు కూడా కొనవద్దు.

ఇంకో డీలర్ దగ్గరికి పోతే హై ఫ్లో హైడ్రాలిక్ (ఆయిల్ ఎక్కువ వేగంగా పంపే లైను) పెట్టించమని పట్టుబట్టాడు. అది పొదలు నుజ్జు చేసే మల్చర్‌లాంటి వాటికి కావాలి. దవడ తెరిచి మూయడానికి మామూలు లైను చాలు. డబ్బు దండగ.

చివరికి రెండు దవడలు విడివిడిగా మూసుకునేది తీసుకున్నాను. మన వేప మొద్దు ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. ఒకే దవడైతే లావు దగ్గర ఆగి సన్నం వైపు వదులుగా ఉంటుంది. పైపు పగిలినా దవడ తెరుచుకోకుండా ఆపే వాల్వు ఉందో లేదో అడిగి, చూపించమని మరీ తీసుకున్నాను. బండి ముందు తగిలించే ప్లేటుకు సరిగ్గా కూర్చుంటుందో లేదో అక్కడే బిగించి చూశాను.

ఆ వేప మొద్దును ఏడేసి అడుగులకు రెండు ముక్కలు చేయించాను, ఎలాగూ దర్వాజాలకే. సగటున ఒక్కొక్కటి 570 కిలోల లోపు. నిన్న పొద్దున ఆపరేటర్ రెండింటినీ నేలకు జానెడు ఎత్తులోనే పట్టుకుని తెచ్చి ట్రాలీ మీద పెట్టాడు. పాదం నలిగిన ఆ హమాలీ పక్కన నిలబడి చూశాడు.