రెండు వెండి నాణేల కర్ర

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని, పాచికలు వేస్తూ ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా కథ నడిపే ఆట ఉంది. అందులో ఫైటర్, అంటే యోధుడి పాత్ర, అనగానే అందరి చూపూ ఆయుధాల పట్టికలో పెద్ద పేర్ల మీదికే పోతుంది. గ్రేట్‌సోర్డ్ (పెద్ద కత్తి), గ్రేట్‌యాక్స్ (గండ్రగొడ్డలి), మాల్ (పెద్ద సుత్తి). మా తమ్ముడు కూడా నన్ను అటే తోశాడు. మిర్యాలగూడలో మా ఇంటి మేడ మీద ఆదివారాలు మేం ఆడే ఆటకు డంజన్ మాస్టర్, అంటే ఆట నడిపేవాడు, వాడే. దెబ్బలన్నీ పాచికలతోనే తేలతాయి; డి12 అంటే పన్నెండు ముఖాల పాచిక, డి6 అంటే ఆరు ముఖాలది.

"అక్కా, నీ బలం 16 ఉంది. గ్రేట్‌యాక్స్ తీస్కో, డి12 పడ్తది. కట్టెతోని ఏం జేస్తవ్?"

"నా లింగమ్మ గొర్లు కాసిన మనిషిరా. గండ్రగొడ్డలి భుజాన ఏస్కొని గొర్ల ఎంబడి తిరుగుతదా?"

లింగమ్మ అంటే ఆటలో నా పాత్ర. వాడు నవ్వాడు. నేను మాత్రం కాగితం తీసుకుని లెక్కకు కూర్చున్నాను. రైస్ మిల్లులో ఖాతాలు రాసేదాన్ని, ఏ పట్టిక ముందుపెట్టినా మొదట ధర మీదే కన్ను పడుతుంది. గ్రేట్‌సోర్డ్ 50 బంగారు నాణేలు. క్వార్టర్‌స్టాఫ్, అంటే మన మాటల్లో చేతికర్ర, రెండు వెండి నాణేలు. ఒక బంగారు నాణేనికి పది వెండి నాణేలు కాబట్టి, ఆ కత్తి డబ్బుతో 250 కర్రలొస్తాయి. ధరను బట్టి సరుకు అనేది మిల్లులో చెల్లే మాట. ఈ ఆటలో అంతగా చెల్లదు.

దెబ్బ లెక్క చూద్దాం. గ్రేట్‌యాక్స్‌కు డి12, సగటున 6.5. గ్రేట్‌సోర్డ్‌కు రెండు డి6లు, సగటున 7. గొడ్డలికి 12 పడ్డ రోజు గది దద్దరిల్లుతుంది గానీ, 1 పడే అవకాశమూ సరిగ్గా అంతే. చేతికర్రను ఒక చేత్తో పట్టుకుంటే డి6, సగటు 3.5. రెండు చేతులా పట్టుకుంటే డి8, సగటు 4.5. ఇక్కడితో ఆపేస్తే తమ్ముడిదే గెలుపు.

కానీ ఫైటర్‌కు మొదటి లెవెల్లోనే ఒక ఫైటింగ్ స్టైల్ వస్తుంది. అందులో డ్యూయెలింగ్ తీసుకుంటే, ఒక చేత్తో ఆయుధం పట్టుకుని రెండో చేతిలో ఇంకో ఆయుధం లేనంతవరకు, తగిలిన ప్రతి దెబ్బకూ 2 కలుస్తుంది. డాలును ఆయుధం కింద లెక్కపెట్టరు. అంటే కర్ర ఒక చేత, డాలు ఒక చేత, సగటు 5.5. గొడ్డలి పట్టేవాళ్లకూ వాళ్ల స్టైల్ ఉంది, కాదనను. అయితే 2024 రూల్ పుస్తకం ప్రకారం దానివల్ల డి12 సగటు పెరిగేది 0.25 మాత్రమే, 6.75 అవుతుంది. గ్రేట్‌సోర్డ్‌కైతే నిండా ఒకటి పెరిగి 8కి పోతుంది. కాబట్టి అసలు పోటీ ఏదైనా ఉంటే ఆ కత్తితోనే.

ఆ రెండున్నర తేడాకు బదులుగా డాలు ఏమిస్తుంది? లింగమ్మ ఒంటిమీద చెయిన్ మెయిల్, అంటే గొలుసు కవచం. ఆర్మర్ క్లాస్, అంటే దెబ్బ తగలాలంటే ఎదుటివాడు అందుకోవాల్సిన అంకె, 16. ఎదురుగా ఉన్న గాబ్లిన్ అనే చిన్న రాకాసి తన డి20కి 4 కలుపుకుని కొడుతుంది. 12 గానీ అంతకు మించి గానీ పడితే తగులుతుంది, అంటే నూటికి 45 సార్లు. డాలు పట్టుకుంటే ఆర్మర్ క్లాస్ 18. అప్పుడు 14 పడాలి, నూటికి 35 సార్లు. నా ముందు ముగ్గురు గాబ్లిన్లు నిలబడితే ఆ పది చాలా పెద్ద పది. ఆయుధం ఎంచుకునేటప్పుడు అందరూ కుడిచేతి గురించే కొట్లాడుకుంటారు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది ఎడమ చేతి సంగతి.

ఇక 2024 రూల్స్‌లో వెపన్ మాస్టరీ అని ఒకటి వచ్చింది. ఒక్కో ఆయుధానికి ఒక్కో గుణం. కర్రది టాపుల్. తగిలిన మనిషి కాన్‌స్టిట్యూషన్ సేవ్, అంటే ఒంటి గట్టిదనంతో తట్టుకోవడానికి వేసే పాచిక, గెలవలేకపోతే కింద పడిపోతాడు. నా లెక్క ప్రకారం వాడికి 13 గానీ అంతకు మించి గానీ రావాలి. పడ్డవాణ్ని పక్కనుంచి కొట్టేవాళ్లందరికీ రెండు డి20లు వేసి పెద్దది తీసుకునే వీలుంటుంది. వాడు లేవాలంటే తన నడకలో సగం ఖర్చు పెట్టుకోవాలి.

ఈ రూల్ రాసినవాళ్లు మా మేనమామను చూశారేమో అనిపిస్తుంది. దేవరకొండ దగ్గర ఆయనకు ఇప్పటికీ గొర్లున్నాయి. మందకు ఊరకుక్క అడ్డమొస్తే మామ కర్ర పైకెత్తడు. ఎత్తితే కుక్క పక్కకు దూకుతుందని ఆయనకు తెలుసు. కింది కొసను, ఇనప పొన్ను వేసిన వైపును, నేలకు రాసుకుంటూ దాని ముందరి కాళ్ల నడుమకు జరుపుతాడు. కుక్క తనంతట తనే తడబడి బోర్లా పడుతుంది. అప్పుడు ఒక్క అదిలింపు. ఆ పొన్ను ఒకవైపే అరిగిపోయి ఉంటుంది, రోజూ ఒకే వాలుగా ఆనించడం వల్ల. లింగమ్మ కర్రకు కూడా నేను అరిగిన పొన్నే రాసుకున్నాను. దానికి రూల్ ఏమీ లేదు, ఊరికే.

అసలు మా నల్లగొండలో కర్ర తక్కువదేం కాదు. 1940లలో దొరలకు ఎదురు నిలిచిన సంఘానికి జనం పెట్టుకున్న పేరు గుతపల సంఘం. గుతప అంటే దుడ్డుకర్ర. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలైన నాడు ఊరేగింపులో జనం చేతుల్లో ఉన్నవి కర్రలూ వడిసెలలే. అప్పట్లో ఆ ఊరు నల్లగొండ జిల్లాలోనే ఉండేది. కొమరయ్యదీ గొర్లు కాసే కుటుంబమే. ఆడవాళ్లు రోకళ్లు, కారంపొడి పట్టుకున్న కథలు మా నానమ్మ కాలం వాళ్లందరికీ తెలుసు. ఆ చరిత్రను గాబ్లిన్ల దగ్గరికి ఈడ్చుకురావడం నాకిష్టం లేదు, తమ్ముడికి కూడా చెప్పాను. కానీ "కట్టెతోని ఏం జేస్తవ్" అని నల్లగొండ పిల్లగాడు అడగొచ్చా?

టాపుల్‌తో వచ్చిన చిక్కు మాత్రం వేరే వైపు నుంచి. మా జట్టులో తమ్ముడి దోస్తు ఒకడు విలుకాడు. కింద పడ్డవాణ్ని దూరం నుంచి కొట్టాలంటే రూల్ తిరగబడుతుంది, రెండు డి20లు వేసి చిన్నది తీసుకోవాలి. నేను పడేసినప్పుడల్లా వాడికి టెన్షన్. "అక్కా, జర ఆగు, నా బాణం అయినంక పడెయ్" అని ప్రతి రౌండూ బతిమాలతాడు. వాడి వంతు నా తర్వాత వచ్చిందా, ఇక గొణుగుడే.

వాడి కోసమే బల్లెం కూడా కొన్నాను. ఒక బంగారు నాణెం. దెబ్బ అదే డి6, రెండు చేతులా అయితే డి8. విసరొచ్చు కూడా. దాని గుణం సాప్: దెబ్బ తిన్నవాడు తర్వాత కొట్టే ఒక దెబ్బకు రెండు డి20ల్లో చిన్నదే దక్కుతుంది. ఎవరినీ పడేయదు కాబట్టి బాణానికి అడ్డం రాదు. నాలుగో లెవెల్లో పోల్‌ఆర్మ్ మాస్టర్ అనే ఫీట్, అంటే అదనపు నేర్పు, తీసుకుంటే కర్రకూ బల్లేనికీ రెంటికీ పనికొస్తుంది. బోనస్ యాక్షన్‌గా, అంటే తన వంతులో అదనంగా, వెనక కొసతో డి4 దెబ్బ, దగ్గరికొచ్చేవాడికి వస్తూ వస్తూనే ఒక పోటు. ఒకే ఫీట్, రెండు ఆయుధాలు. గ్రేట్‌సోర్డ్‌కు ఆ అదృష్టం లేదు.

మిగతావాళ్ల ఆయుధాల గురించి ఎక్కువ చెప్పను. మా జట్టులో రోగ్, అంటే దొంగ పాత్ర, వేసే పిల్ల దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో కటార్లు తిప్పడం చూసి రెండు చేతుల్లో రెండు డాగర్లు పెట్టుకుంది. డి4 దెబ్బలే, అయినా అదను చూసి కొట్టే స్నీక్ అటాక్ తోడైతే మా అందరికంటే తనే ముందుంటుంది.

మొదటి లెవెల్ ఫైటర్‌కు మాస్టరీ మూడు ఆయుధాల్లో. మూడోది హ్యాండ్‌యాక్స్ రాశాను, తుమ్మ కొమ్మలు కొట్టే చిన్న గొడ్డలి. అవసరమైతే 20 అడుగుల దాకా సూటిగా విసరొచ్చు. తమ్ముడు దాన్ని చూసి, "ఎట్లయితేంది, గొడ్డలైతే తీస్కున్నవ్ గదా" అన్నాడు. డి12 మాత్రం కాదురా అన్నాను.