27కి ఆలౌట్

2025 జులై 15, మంగళవారం

పొద్దున నేను లేచేసరికే బాబు ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. "అమ్మా, 27 అని ఉందేంటి? మిగతా స్కోరు ఇంకా రాలేదా?" అన్నాడు.

రాత్రి పడుకునే ముందు వాడికి ఆశ పెట్టింది నేనే. ఆస్ట్రేలియాకి అప్పటికే ఆరు వికెట్లు పోయాయి, ఆధిక్యం 181, మిగిలిన నాలుగూ త్వరగా తీసేస్తే మన వెస్టిండీస్‌కి అవకాశం ఉందని చెప్పాను. ఆ నాలుగూ నిజంగానే 22 పరుగులకి తీశారు. 204 కొడితే గెలుపు. ఫోన్ తీసుకుని చూశాను. మిగతా స్కోరంటూ ఏమీ లేదు. కింగ్‌స్టన్‌లో వెస్టిండీస్ 14.3 ఓవర్లలో 27కి ఆలౌట్. ఏడుగురు సున్నాకే అవుట్. రెండంకెలు దాటింది గ్రీవ్స్ ఒక్కడే, అదీ 11. ఆస్ట్రేలియా బౌలర్ స్టార్క్ 9 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు, మొదటి ఓవర్లోనే మూడు. వాళ్ళ ఇంకో బౌలర్ బోలండ్‌కి హ్యాట్రిక్. టెస్టు క్రికెట్ మొత్తంలో ఇంతకన్నా తక్కువ స్కోరు ఒకటే ఉంది, 1955లో న్యూజిలాండ్ చేసిన 26.

వాడికి తొమ్మిదేళ్ళు. అంతా విన్నాడు. బ్యాగు తగిలించుకుంటూ, "నేను వేరే టీమ్‌కి మారిపోనా?" అని అడిగాడు. అలిగి అడగలేదు, చాలా మామూలుగా అడిగాడు.

"నీ ఇష్టం నాన్నా" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. రోజూ పెట్టుకెళ్ళే వెస్టిండీస్ మెరూన్ టోపీ కుర్చీ మీద వదిలేసి వెళ్ళాడు. ఇక రోజంతా పని మీద మనసు నిలవలేదు.

ఈ టీమ్ నాకు మా నాన్న నుంచి వచ్చింది. లాయిడ్, రిచర్డ్స్, హోల్డింగ్, మార్షల్, ఆ పేర్లు ఇంట్లో మనుషుల పేర్లలా వినిపించేవి. 1975, 1979 ప్రపంచ కప్పులు వాళ్ళవే. 1980లో న్యూజిలాండ్‌లో ఓడాక మళ్ళీ 1995 దాకా ఒక్క టెస్టు సిరీస్ కూడా వదులుకోలేదు. 1983 ఫైనల్లో భారత్ మీద 184 కొట్టలేక 140కే కుప్పకూలినప్పుడు చుట్టూ అందరూ గంతులేస్తుంటే తను మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియక కూర్చున్నానని నాన్న ఇప్పటికీ చెప్తాడు.

నేను పుట్టింది 1985లో. నాకు ఆట బాగా అర్థమయ్యేసరికి ఆ వైభవం కథల్లోకి వెళ్ళిపోయింది. నా వంతుకి వచ్చింది 1999. ఆ మార్చిలో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఇదే ఆస్ట్రేలియా మీద 51కి ఆలౌట్ అయ్యారు. "ఇదేనా నువ్వు చెప్పే టీమ్?" అని నాన్న మీద విరుచుకుపడ్డాను. నాన్న జవాబు చెప్పలేదు. పేపర్ మడిచి పక్కన పెట్టాడు. తర్వాతి టెస్టు మొదలయ్యాక పొద్దున్నే మళ్ళీ ఆ పేజీయే ముందు తెరిచాడు. ఆ టెస్టులో లారా 213. దాని తర్వాత బ్రిడ్జ్‌టౌన్‌లో 308 లక్ష్యం, లారా 153 నాటౌట్, చివర్లో అటు వైపు వాల్ష్ వికెట్ కాపాడుకుంటూ నిలబడ్డాడు. ఒక్క వికెట్ తేడాతో గెలుపు. నేను ఆ టీమ్ మనిషినయ్యింది అప్పుడే. గెలిచినందుకు మాత్రమే అయితే ఎప్పుడో వదిలేసేదాన్ని.

మా తమ్ముడు కూడా అదే ఇంట్లో, అదే నాన్న పక్కన పెరిగాడు. అదే సిరీస్‌లో మెక్‌గ్రాత్‌ని చూసి ఆస్ట్రేలియా వైపు వెళ్ళిపోయాడు. నాన్న వాణ్ణి ఒక్క మాట అనలేదు. నోట్లో మాట రాని పిల్లలకే తమ టీమ్ జెర్సీ తొడిగే తల్లిదండ్రులని తప్పు పట్టను, కానీ నాకు నాన్న పద్ధతే నచ్చుతుంది. తను కూర్చుని చూస్తాడు, పక్కన చోటు ఉంటుంది, అంతే. ఇవాళ తమ్ముడు స్కోరు గురించి ఏమీ పంపలేదు. మధ్యాహ్నం "బాబు ఎలా ఉన్నాడు?" అని మాత్రం అడిగాడు. ఆ ఒక్క మాటకి నాకు కళ్ళు చెమర్చాయి.

బాబుకి నేను ఎప్పుడు అంటించాను? 2023లో వన్డే ప్రపంచ కప్పుకి మన టీమ్ అర్హతే సాధించలేదని చెప్పినప్పుడు వాడు పెద్దగా పట్టించుకోలేదు. 2024 జనవరిలో బ్రిస్బేన్ టెస్టు అనుకుంటా. ముందు రోజు స్టార్క్ యార్కర్ కాలి వేలికి తగిలి మన బౌలర్ షమార్ జోసెఫ్ కుంటుతూ బయటికి వెళ్ళాడు. మర్నాడు వచ్చి 68 పరుగులకి 7 వికెట్లు తీశాడు. 8 పరుగుల తేడాతో గెలిచారు. ఆస్ట్రేలియాలో టెస్టు గెలిచి అప్పటికి 27 ఏళ్ళు. కామెంటరీ బాక్సులో లారా కళ్ళు తుడుచుకుంటున్నాడు, ఇక్కడ నేనూ ఏడుస్తున్నాను. బాబు ముందు భయపడ్డాడు, తర్వాత వచ్చి నా ఒళ్ళో కూర్చున్నాడు. టీవీ కంటే నా మొహమే ఎక్కువసేపు చూశాడు. ఆ షమార్ నిన్న బోలండ్ హ్యాట్రిక్‌లో ఒకడు.

సాయంత్రం వచ్చి నాతో ఏమీ మాట్లాడలేదు. తనే తాతయ్యకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"చూశావా తాతయ్యా?"

"చూశాన్రా."

"ముందెప్పుడైనా ఇలా అయ్యిందా?"

నాన్న 51 సంగతి చెప్పాడు. 2004లో ఇదే కింగ్‌స్టన్‌లో ఇంగ్లండ్ మీద 47కి అయిపోవడం చెప్పాడు. అదే సిరీస్‌లో నెల తిరిగేసరికి ఆంటిగ్వాలో లారా 400 కొట్టడం చెప్పాడు. బాబు కాసేపు ఆగాడు.

"అయితే 27 తర్వాత ఏమవుతుంది?"

"తెలీదురా. చూడాలి."

వాడు ఫోన్ పెట్టేశాడు. టీమ్ మారే మాట మళ్ళీ ఎత్తలేదు, నేనూ అడగలేదు. టోపీ ఇంకా కుర్చీ మీదే ఉంది.