కీవర్డులు నాకు ఎలా పట్టుబడ్డాయంటే

మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట మొదలుపెట్టిన కొత్తలో నన్ను బాగా సతాయించింది క్రీచర్ (పోరాడే జీవి) కార్డుల మీద ఉండే ఒంటి మాటలు, అంటే ఒక్కో గుణానికి పేరైన కీవర్డులు. ఫ్లయింగ్, ట్రాంపుల్, డెత్‌టచ్, విజిలెన్స్. కొన్ని కార్డుల మీద పక్కనే చిన్న వివరణ ఉంటుంది. చాలా రేర్ కార్డుల మీద అదీ ఉండదు, ఆడేవాళ్లకి తెలుసులే అన్నట్టు వదిలేస్తారు.

అధికారిక రూల్స్ తెరిచాను. కీవర్డులన్నీ 702వ విభాగంలో ఉన్నాయి. మామూలుగా కనిపించేవి మొదట్లోనే ఇంగ్లిష్ అక్షర క్రమంలో వస్తాయి: డెత్‌టచ్ 702.2, ట్రాంపుల్ 702.19. వెతుక్కోవడానికి బాగుంది గానీ అలా చదివితే ఏదీ బుర్రలో నిలవలేదు. అందుకే నా కాగితం మీద వేరే వరుస రాసుకున్నాను. ప్రతి కీవర్డునీ ఒకటే అడిగాను: నువ్వు పనిచేసేది ఎప్పుడు? అటాక్ చేసేటప్పుడా, బ్లాక్ చేసేటప్పుడా (దాడికి మన క్రీచర్‌ని అడ్డుపెట్టేటప్పుడా), డ్యామేజ్ పడేటప్పుడా?

అటాక్ దగ్గరివి తేలిక. హేస్ట్ ఉంటే వచ్చిన టర్న్‌లోనే దాడికి పంపొచ్చు. విజిలెన్స్ ఉంటే దాడి చేసినా ట్యాప్ అవదు (వాడేసిన గుర్తుగా కార్డుని పక్కకి తిప్పక్కర్లేదు) కాబట్టి ఎదుటివాళ్ల టర్న్‌లో బ్లాక్‌కి ఉంటుంది. 1993 నాటి మొదటి సెట్‌లోనే వచ్చిన సెర్రా ఏంజెల్‌కి ఈ గుణం ఉంది, కానీ అప్పుడు కార్డు మీద దాన్ని పూర్తి వాక్యంగా రాశారు. విజిలెన్స్ అనే మాట 2004లో గానీ రాలేదు. పాత కార్డులు చదివేటప్పుడు ఇది బాగా పనికొచ్చింది.

బ్లాక్ దగ్గర ఫ్లయింగ్ ఉన్నదాన్ని ఫ్లయింగో రీచో ఉన్నదే ఆపగలదు. మెనేస్ ఉంటే కనీసం రెండు క్రీచర్లు కలిసి ఆపాలి.

అసలు టెన్షన్ డ్యామేజ్ దగ్గరే. ఫస్ట్ స్ట్రైక్ వచ్చిందంటే డ్యామేజ్ రెండు దఫాలుగా పడుతుంది, అది ఉన్నవి ముందు దఫాలో కొడతాయి. కార్డు మీద 2/1 లాంటి అంకెల్లో మొదటిది వేసే దెబ్బ, రెండోది తట్టుకునే శక్తి (టఫ్‌నెస్). ఫస్ట్ స్ట్రైక్ ఉన్న 2/1, మామూలు 2/2తో తలపడితే 2/2 తన దెబ్బ వేయకుండానే చచ్చిపోతుంది. ట్రాంపుల్ ఉంటే బ్లాకర్‌ని చంపడానికి సరిపడా డ్యామేజ్ దానికి కేటాయించి, మిగిలింది ఆటగాడి మీదకి పంపొచ్చు. దానికి డెత్‌టచ్ తోడైతే చంపడానికి 1 చాలు. అంటే ఆ రెండూ ఉన్న 5/5ని ఎదుటివాళ్లు 6/6తో ఆపినా 4 వాళ్ల మీదే పడుతుంది! ఈ లెక్క అర్థమైన రోజు నా డెక్ సగం మార్చేశాను.

లైఫ్‌లింక్‌లోనూ ఇలాంటి మెలికే. అది ఉన్న క్రీచర్ ఎంత డ్యామేజ్ వేస్తే దాని ఆటగాడికి అంత లైఫ్ వస్తుంది; లైఫ్ సున్నాకి పడితే ఓటమి. నాకు 2 లైఫ్ ఉందనుకోండి. బ్లాక్ కాని ఒక దాడి 3 డ్యామేజ్ వేస్తోంది, ఇంకోచోట బ్లాక్ చేస్తున్న నా లైఫ్‌లింక్ క్రీచర్ అదే దఫాలో 3 వేస్తోంది. నేను బతికే ఉంటాను, ఎందుకంటే లైఫ్ పోవడం, రావడం రెండూ అయ్యాకే ఆట నా లైఫ్‌ని చూస్తుంది. 2009కి ముందు లైఫ్‌లింక్ విడిగా, ఆలస్యంగా పనిచేసేది. అప్పట్లో అయితే ఓడిపోయినట్టే.

రక్షణ ఇచ్చే కీవర్డులు ఈ వరుసలో ఇమడలేదు. వాటికి ప్రశ్న మార్చాను: దేన్ని ఆపదు? హెక్స్‌ప్రూఫ్ ఎదుటివాళ్లు టార్గెట్ చేయకుండా (గురిగా ఎంచుకోకుండా) ఆపుతుంది గానీ, "అన్ని క్రీచర్లనీ నాశనం చెయ్యి" అనే కార్డు ఎవర్నీ టార్గెట్ చేయదు. ఇన్‌డిస్ట్రక్టిబుల్ (నాశనం చేయలేని) క్రీచర్‌కి టఫ్‌నెస్ సున్నా అయితే గ్రేవ్‌యార్డ్‌కి, అంటే చచ్చిన కార్డుల కుప్పలోకి పోవాల్సిందే. ఎగ్జైల్ చేసినా (ఆటలోంచి పక్కన పెట్టేసినా) అడ్డుకోలేదు.

ప్రొటెక్షన్ మాత్రం వేరే గొడవ. ఫలానా రంగు నుంచి ప్రొటెక్షన్ అంటే ఆ రంగు డ్యామేజ్, ఆరా (క్రీచర్‌కి తగిలించే మాయ కార్డు), బ్లాక్, టార్గెట్ నాలుగూ ఒకేసారి చూసుకోవాలి. ఒకే మాటలో ఇన్ని కుక్కడం నాకైతే నచ్చలేదు. అది బల్లమీదకి వస్తే ఇప్పటికీ 702.16 తెరిచే చూస్తాను.