లెంబిట్ చేసిన ఉద్యోగాలు

1933లో బాల్టిక్ సముద్రం ఒడ్డున్న ఎస్టోనియా దేశం తన రెండు డెస్ట్రాయర్ యుద్ధనౌకల్నీ పెరూ దేశానికి అమ్మేసింది. ఆ డబ్బుకి జనం ఇచ్చిన చందాలు కలిపి, ఇంగ్లండ్‌లోని బారోలో వికర్స్ ఆర్మ్‌స్ట్రాంగ్స్ యార్డులో రెండు సబ్‌మెరైన్లు కట్టించుకుంది. ఒకటి కాలెవ్, రెండోది లెంబిట్. రెండూ 1936 జూలై 7నే నీళ్లలోకి దిగాయి.

నేను కళింగపట్నంలో బోట్ల ఇంజన్లు రిపేర్ చేస్తాను. ఏ బోటు గురించి చదివినా ముందు అది ఎంతుంది, ఏం మోస్తుంది అనే చూస్తాను. లెంబిట్ పొడవు 60 మీటర్లు కూడా లేదు. విశాఖ బీచ్‌లో మనం ఎక్కి చూసే కురుసుర సబ్‌మెరైన్ 91 మీటర్లు. అంత చిన్న దాన్లో రెండు పక్కలా మైన్లు (ఓడల్ని పేల్చడానికి సముద్రంలో వదిలే బాంబులు) దాచే గొట్టాలున్నాయి, మొత్తం 20 మైన్లు పడతాయి. పైనున్న 40 మి.మీ. బోఫోర్స్ గన్‌ని, మునిగే ముందు నీరు చొరని గదిలోకి దించేసి మూత బిగించేవారు. ఉప్పునీళ్లు ఇనుమునీ సీళ్లనీ ఏం చేస్తాయో రోజూ చూసేవాణ్ణి. ఆ మూత కట్టినవాళ్లకి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

1940లో సోవియట్ యూనియన్ ఎస్టోనియాని కలిపేసుకుంది. రెండింటికీ జెండా మారింది. కాలెవ్ 1941 చివర్లో వెళ్లి మళ్లీ రాలేదు. లెంబిట్‌కి 1942లో డెప్త్ చార్జీల (సబ్‌మెరైన్ల మీద వేసే, నీటిలోపల పేలే బాంబులు) దెబ్బ తగిలి బ్యాటరీల దగ్గర పేలుడు జరిగింది, అయినా రేవు చేరింది. 1945లో రెడ్ బ్యానర్ పతకం ఇచ్చారు. దాని మైన్లకీ టార్పెడోలకీ మునిగిన ఓడల్లోనూ కళాసీలుంటారు కదా. పతకం మాట చదివినప్పుడు నాకు వాళ్లే గుర్తొస్తారు.

యుద్ధం తర్వాత కొన్నాళ్లు శిక్షణకి వాడారు. తర్వాత రష్యాలోని గోర్కీ యార్డుకి పంపితే అక్కడి ఇంజనీర్లు దాని కట్టుబడిని పరిశీలించారు. 1979లో ఎస్టోనియా రాజధాని టాలిన్‌కి లాక్కొచ్చారు, 1985లో మ్యూజియం చేశారు. 1992లో మళ్లీ ఎస్టోనియా చేతికొచ్చింది.

నాకు అన్నిటికంటే ముఖ్యం 2011. మాకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. బోట్లు ఒడ్డెక్కించి, అడుగున పట్టిన గుల్లలు గీకి, రంగులేసేది అప్పుడే. ఆ రెండు నెలలు బద్ధకిస్తే మిగతా ఏడాదంతా టెన్షనే. లెంబిట్‌ని మ్యూజియం అయ్యాక కూడా పాతికేళ్లు నీళ్లలోనే ఉంచి, 2011 మేలో ఒడ్డుకి లాగారు. ఇప్పుడు టాలిన్‌లోనే పాత సీప్లేన్ హ్యాంగర్‌లో (నీళ్ల మీద దిగే విమానాల షెడ్డులో) ఉంది. యుద్ధనౌకగా చేసింది ఇరవై ఏళ్లలోపే. జనానికి చూపించే పని నలభై ఏళ్లుగా చేస్తోంది. దాన్ని రిటైరైన ఓడ అంటే నేను ఒప్పుకోను.

మన కురుసుర మన నేవీలో చేరింది కూడా బాల్టిక్ ఒడ్డునే, 1969 డిసెంబర్ 18న, అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగాలో. 2001లో సర్వీసు అయిపోయింది, 2002 నుంచి బీచ్‌లో ఉంది. శ్రీకాకుళం నుంచి పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ఫొటోలు దిగేసి వచ్చేయకండి. లోపల చూపించేది రిటైరైన నేవీవాళ్లే. బ్యాటరీలు ఎక్కడుండేవి, తుప్పు పట్టకుండా ఇప్పుడేం చేస్తున్నారు, ఇవన్నీ వాళ్లని అడగండి.