ఇంజన్ ఆయిల్ కొనే ముందు మాన్యువల్ తెరవండి

కారుకి ఏ ఇంజన్ ఆయిల్ మంచిదని అడిగితే తలా ఒక బ్రాండ్ పేరు చెప్తారు. అసలు జవాబు మాత్రం మీ కారు ఓనర్స్ మాన్యువల్‌లోనే ఉంటుంది. చాలా ఇళ్లలో ఆ పుస్తకం కొన్న రోజు నుంచి కారులో అలాగే పడి ఉంటుంది. దాన్ని తెరిచి ఇంజన్ ఆయిల్ అని ఉన్న పేజీ చూడండి. రెండు విషయాలు కనిపిస్తాయి. ఒకటి గ్రేడ్, అంటే 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 లాంటిది. రెండోది ఆ ఆయిల్ అందుకోవాల్సిన ప్రమాణం, అంటే ఏపీఐ అనే అమెరికా సంస్థ ఇచ్చే ఎస్‌పీ, ఏసీఈఏ అనే యూరప్ కార్ల కంపెనీల సంఘం ఇచ్చే సీ3 లాంటిది. ఈ రెండూ డబ్బా మీద ఉన్నవాటితో కలిస్తే, పేరున్న ఏ కంపెనీ ఆయిలైనా పోసుకోవచ్చు. చాలామంది గ్రేడ్ చూసుకుని ప్రమాణం సంగతి వదిలేస్తారు, అదే నా బాధ.

ముందు గ్రేడ్ సంగతి. 5డబ్ల్యూ-30లో డబ్ల్యూ అంటే వింటర్, దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్తుంది, చిన్న అంకె అయితే అంత మంచిది. 5డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 30 డిగ్రీల దగ్గర, 0డబ్ల్యూని మైనస్ 35 దగ్గర పరీక్షిస్తారు. మా దగ్గర అంత చలి ఎక్కడ, ఆ అంకెతో మాకేం పని అనుకోవచ్చు, కానీ ఇంజన్ పూర్తిగా వేడెక్కినప్పటితో పోలిస్తే పొద్దున్నే స్టార్ట్ చేసేటప్పుడు ఏ ఊళ్లోనైనా అది చల్లగా ఉన్నట్టే లెక్క. అప్పుడు ఆయిల్ ఎంత త్వరగా ఇంజన్ పైభాగం దాకా చేరితే అరుగుదల అంత తగ్గుతుంది. వెనకాల ఉన్న 30 అనే అంకె వేడెక్కిన ఇంజన్‌లో, 100 డిగ్రీల దగ్గర, ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెప్తుంది.

ఇక్కడే ఒక పాత నమ్మకం ఉంది, చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజన్‌కి రక్షణ ఎక్కువ అని. పాత ఇంజన్ల కాలంలో ఈ మాటకి కొంత అర్థం ఉండేదేమో గానీ, ఇప్పటి ఇంజన్లలో బేరింగుల మధ్య ఖాళీ, ఆయిల్ వెళ్లే సన్నని దారులు, ఆయిల్ ప్రెజర్‌తో కదిలే వాల్వ్ టైమింగ్ భాగాలు, చెయిన్‌ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్, ఇవన్నీ ఒక చిక్కదనాన్ని లెక్కలోకి తీసుకునే తయారుచేస్తారు. 0డబ్ల్యూ-20 అడిగే ఇంజన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే స్టార్ట్ చేసిన వెంటనే ఆయిల్ పైదాకా చేరడానికి ఆలస్యమవుతుంది, మైలేజీ తగ్గుతుంది. అలాగని పల్చటిది పోస్తే మైలేజీ పెరుగుతుంది కదా అని, 40 గ్రేడ్ అడిగిన కారులో 20 గ్రేడ్ పోయడం అంతకంటే ప్రమాదం, ఎందుకంటే బాగా వేడి మీద లోడ్ పడినప్పుడు లోహానికీ లోహానికీ మధ్య ఆ ఆయిల్ పొర నిలబడకపోవచ్చు. కొన్ని మాన్యువల్స్‌లో బయటి వాతావరణాన్ని బట్టి రెండు మూడు గ్రేడ్లు ఇస్తారు. కారు పాతబడి ఆయిల్ తాగుతుంటే, ఆ ఇచ్చిన వాటిలోనే కొంచెం చిక్కటిదానికి వెళ్లొచ్చు, అది దాటి వెళ్లకండి.

ప్రమాణం ఎందుకంత ముఖ్యమంటే, ఒకే 5డబ్ల్యూ-30 పేరుతో పూర్తిగా వేరే రకం ఆయిళ్లు దొరుకుతాయి. గ్రేడ్ చిక్కదనం మాత్రమే చెప్తుంది, లోపల కలిపిన రసాయనాల గురించి ఏమీ చెప్పదు. ఏపీఐ గుర్తులో ఎస్‌తో మొదలయ్యేవి పెట్రోల్ ఇంజన్లకి, సీతో మొదలయ్యేవి డీజిల్ ఇంజన్లకి. పెట్రోల్ వైపు 2010లో ఎస్‌ఎన్, 2020లో ఎస్‌పీ, 2025లో ఎస్‌క్యూ వచ్చాయి, సాధారణంగా పాతది అడిగిన కారులో కొత్తది పోయొచ్చు, కొత్తది అడిగిన కారులో పాతది కుదరదు. చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్లలో తక్కువ స్పీడులో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే, స్పార్క్ రాకముందే ఇంధనం అంటుకుని పిస్టన్ దెబ్బతినే సమస్య ఒకటుంది. దాన్ని తగ్గించడానికి ఎస్‌పీలో ప్రత్యేకంగా పరీక్ష పెట్టారు. మీ కారు టర్బో పెట్రోల్ అయితే ఈ ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

డీజిల్ కారుకి డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటే ఇంకా జాగ్రత్త పడాలి. మామూలు ఆయిల్‌లోని కొన్ని లోహపు రసాయనాలు కాలిపోయాక బూడిదగా మిగిలి ఆ ఫిల్టర్‌లో చేరతాయి. మసిని కాల్చేయొచ్చు, బూడిద మాత్రం కాలదు, అది పేరుకుంటూనే పోతుంది. అందుకే అలాంటి కార్లకి బూడిద తక్కువ వచ్చే ఆయిల్ అడుగుతారు, ఏసీఈఏలో సీతో మొదలయ్యే రకాలు అవే. ఇక టైమింగ్ బెల్ట్ ఆయిల్‌లోనే తడుస్తూ తిరిగే ఇంజన్లూ ఉన్నాయి, వాటిలో సరిపడని ఆయిల్ పోస్తే బెల్ట్ రబ్బరు పాడై ఆ ముక్కలు ఆయిల్ దారిలో అడ్డం పడతాయి. కొన్ని కంపెనీలు వీటన్నిటికీ పైన తమ సొంత అప్రూవల్ నంబర్ కూడా అడుగుతాయి, మాన్యువల్‌లో అది ఉంటే డబ్బా మీద కూడా అదే నంబర్ ఉండాలి.

సింథటిక్, అంటే రసాయన పద్ధతిలో తయారుచేసినది కావాలా, మినరల్, అంటే ముడిచమురుని మామూలుగా శుద్ధి చేసి తీసినది చాలా? 0డబ్ల్యూ-20 లాంటివి కొంటే మీరు అడిగినా అడగకపోయినా దాదాపు సింథటిక్కే వస్తుంది, కాబట్టి దీని గురించి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. సింథటిక్ వేడికి ఎక్కువ కాలం తట్టుకుంటుంది, చలిలో బాగా కదులుతుంది, ఆ మాట నిజమే. కానీ మార్కెట్లో సింథటిక్ అని అమ్మే వాటిలో చాలావరకు ముడిచమురు నుంచే, బాగా శుద్ధి చేసి తీసినవి. డబ్బా ముందువైపు పెద్ద అక్షరాలు కాకుండా వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి.

ఎప్పుడు మార్చాలన్నది కూడా మాన్యువల్ చెప్తుంది, కిలోమీటర్లు, నెలలు రెండూ ఇస్తుంది, ఏది ముందు వస్తే అప్పుడు మార్చాలి. తక్కువ తిరిగే కారుకి ఆయిల్ పాడవదనుకోవడం పొరపాటు. రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిరిగే కారులో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, లోపల చేరిన నీటి తేమ, కాలని ఇంధనం ఆవిరైపోకుండా ఆయిల్‌లోనే ఉండిపోతాయి. అలా దగ్గర దగ్గర తిరిగే వాడకాన్ని చాలా కంపెనీలు కఠినమైన వాడకంగానే లెక్కేసి, ఇంకా త్వరగా మార్చమంటాయి. ఆయిల్ నల్లబడిందని మాత్రం కంగారు పడకండి, ముఖ్యంగా డీజిల్‌లో, మసిని తనలో పట్టి ఉంచడం దాని పనే. పాలు కలిపినట్టు తెల్లగా మారితే అప్పుడు చూపించుకోవాలి, ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ అందులో కలుస్తూ ఉండొచ్చు.

మార్చిన రోజున ఫిల్టర్ కూడా కొత్తది వేయించండి, డబ్బా సీలు మీ ముందే తీయమనండి, చివర్లో మీరే డిప్‌స్టిక్, అంటే ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ, తీసి చూడండి. కారు సమంగా ఉన్న చోట, ఇంజన్ ఆపి కొన్ని నిమిషాలు ఆగాక చూస్తే, లెవెల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. పై గుర్తు దాటితే అదనంగా పోసినది తీసేయమనండి, ఎక్కువైన ఆయిల్‌ని ఇంజన్ అడుగున తిరిగే క్రాంక్ షాఫ్ట్ చిలికి నురగ చేస్తుంది, నురగతో ప్రెజర్ సరిగా రాదు. డీపీఎఫ్ ఉన్న డీజిల్‌లో నెలలు గడిచేకొద్దీ ఈ లెవెల్ తగ్గకపోగా పెరుగుతుంటే, డీజిల్ వచ్చి ఆయిల్‌లో కలుస్తోందని అర్థం, అలాంటప్పుడు తర్వాతి సర్వీసింగ్ దాకా ఆగకుండా చూపించండి.